గడ్డిలో అడుగు పెట్టవద్దు

కెరిస్‌కి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను అటు తిరిగి ఇటు తిరిగేలోపు కూతురు కనపడకుండా పోతుందని. జ్వరమంటే అంత భయం లేదు, మందుంటుంది. కిందపడితే లేపుకోవచ్చు. కనపడకుండా పోతే ఏం చేస్తారు చెప్పండి? టిల్లీ నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నన్నాళ్లూ, కెరిస్ ఆ గాజుకి ముక్కు ఆనించి కూర్చునే ఉంది. పిల్లకి ఇప్పుడు మూడేళ్లు. ఆ కాపలా మాత్రం కెరిస్ ఇంకా దిగలేదు.

ఆ జూన్ ఆదివారం పొద్దున కూడా టిల్లీ కోసం టోస్టుని సన్నగా నిలువుముక్కలు కోస్తూ, కిటికీలోంచి ఆకాశం వంక చూసింది. మబ్బు తునక లేదు.

"వాన రాదులే," అన్నాడు భర్త గారెత్, బల్ల పక్కన కూర్చుని బూట్లు తొడుక్కుంటూ. "ఎంత కోరుకున్నా రాదు."

"నేనేం కోరుకోవట్లేదు."

"నీ మొహంలో కనిపిస్తోంది. అమ్మకి ఏడాదికి ఒక్కరోజు కెరిస్. ఈ ఒక్కరోజు దాటనీ."

గారెత్ తల్లి బెరిల్ ఉండేది కొండ దిగువన, అక్కడికి కారులో పావుగంట. ఇంటి చుట్టూ ఒక తోట. తీరుగా కత్తిరించిన తోట కాదు, గులాబీతీగ ఆపిల్ చెట్టు మీదికి పాకినా ఊరుకునే తోట. దాని వెనక పెద్ద పచ్చికబయలు. ఒకప్పుడు గొర్రెలు కొరికి వదిలేసిన నేల అది. గారెత్ తండ్రి డెన్నిస్ ఎరువన్నది చూపించకుండా, ఏటా విత్తనం చల్లి చల్లి, దాన్ని పూల బయలుగా మార్చాడు. ఏటా జూన్‌లో ఒక ఆదివారం గేటు తెరిచి ఊరివాళ్లనీ పైవాళ్లనీ చూడనిస్తారు. టికెట్ డబ్బులు, టీ డబ్బులు జబ్బు ముదిరినవాళ్లని చూసుకునే నర్సుల నిధికి పోతాయి. మొన్న ఫిబ్రవరిలో డెన్నిస్ పోయాడు. ఆయన లేకుండా గేటు తెరవడం ఇదే మొదలు.

"ఆ ఒక్కరోజు గురించి కాదు నా బాధ," అంది కెరిస్. "మంగళవారం, గురువారం గురించి."

ఆ రెండు రోజులూ కెరిస్ బేకరీలో పనికి వెళుతుంది. టిల్లీ నానమ్మ దగ్గర ఉంటుంది.

"మళ్లీ మొదలెట్టావా?"

"మొన్న గురువారం పిల్ల జుట్టు నిండా గడ్డి గింజలు. సాక్సులు తడి. ఎక్కడికెళ్లారు బెరిల్ అంటే, ఇక్కడే ఉన్నామమ్మా అంటుంది. ఇక్కడే అంటే ఎక్కడ? మనిషి నాతో మాట్లాడుతుంది, కళ్లు ఎక్కడో ఉంటాయి. అలాంటి మనిషి దగ్గర పిల్లని వదిలి నేను బన్నులు ఎలా చుట్టను?"

గారెత్ బూటు పక్కన పెట్టాడు. "అమ్మకి మిగిలింది ఆ రెండు రోజులే కెరిస్. అవి కూడా లాక్కుంటే పొద్దున లేవడానికి ఆవిడకి ఏముంది?"

"సరే, ఇవాళ చూద్దాం. ఏ తేడా రాకపోతే నోరెత్తను. తేడా వచ్చిందా, టిల్లీని నర్సరీలో వేసేస్తా. నువ్వు అడ్డు రాకూడదు."

"రానులే," అన్నాడు గారెత్. అన్నాక, ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు టోస్టు వంక చూశాడు.

వాళ్లు వెళ్లేసరికి బెరిల్ ఇస్త్రీ చేసిన ఏప్రన్ కట్టుకుని, ఆపిల్ చెట్ల కింద బల్లల మీద గుడ్డలు పరుస్తోంది. పక్కింటి మావిస్ కేకుల దగ్గర నిలబడి పెత్తనం చేస్తోంది.

"వచ్చారా దొరలు!" అంది మావిస్. "కెరిస్, ఆ చాకు అందుకో. ఈ నిమ్మకేకు నిన్న నీ మొగుడు వచ్చి కోశాడు. ఇవి ముక్కలా, తలుపుకి అడ్డం పెట్టే చెక్కలా?"

"నిన్న రాత్రి తినేటప్పుడు బాగానే ఉన్నాయన్నావే మావిస్," అన్నాడు గారెత్.

"రుచి చూశానురా. తినడం వేరు. పో, పోయి కార్లు నిలబెట్టించు."

బెరిల్ నవ్వింది. టిల్లీ పరిగెత్తి వెళ్లి ఆవిడ ఏప్రన్‌లో మొహం దాచుకుంది. "గ్రాన్, నేనూ టీ పోస్తా."

"నువ్వు చక్కెర ఇద్దువుగానిలే తల్లీ. ఒకళ్లకి ఒక్కటే. మావిస్‌కి మాత్రం అసలు ఇవ్వకు, డాక్టరు వద్దన్నాడు."

ఆవిడ బాగానే ఉందే అనుకుంది కెరిస్. ఉత్తపుణ్యాన అనుమానపడ్డానేమోనని కాస్త సిగ్గు కూడా వేసింది.

పచ్చికలోకి వెళ్లేచోట, డెన్నిస్ చేత్తో రాసిన చెక్కబోర్డు అలాగే ఉంది. 'దయచేసి దారిలోనే నడవండి. గడ్డిలో అడుగు పెట్టవద్దు.' పచ్చిక మధ్యలోంచి మెలికలు తిరుగుతూ కోసిన సన్నని దారి ఒకటి ఉంటుంది, దాని మీదే అందరూ నడవాలి. జూలై చివర పూలు ఎండి గింజ నేల రాలాక గానీ కోత లేదు. అంతదాకా గడ్డి నిలబడి ఉండాలి. ఒక్కసారి తొక్కి పడుకోబెడితే కోత యంత్రానికి అందదు, కుళ్లుతుంది, మరుసటేడు అక్కడ పూవు రాదు. ఆ ఇంట్లో పిల్లలకి నడక కంటే ముందు నేర్పేది ఈ మాటే. గారెత్ చిన్నప్పుడు బంతి గడ్డిలో పడితే కోత అయ్యేదాకా అది అక్కడే ఉండేదట.

మధ్యాహ్నానికి జనం బాగా వచ్చారు. డైసీలు తెల్లగా, వాటి మధ్య క్లోవర్ పూలు గులాబిగా, గాలి వీస్తే బయలు మొత్తం ఒక్కలా వంగి లేస్తోంది. ఎత్తయిన గడ్డి కెరిస్ నడుం దాకా వస్తుంది. టిల్లీకైతే తలమీదికి. కెరిస్ కేకు కోస్తూనే ప్రతి ముక్కకీ ఒకసారి తల ఎత్తి చూసుకుంటోంది. టీ బల్ల దగ్గర బెరిల్ ఎర్ర టీకెటిల్ పట్టుకుని ఉంది, పక్కనే స్టూలు మీద టిల్లీ చక్కెర గిన్నెతో. ఇంకో ముక్క. టిల్లీ ఉంది. ఇంకో ముక్క. ఉంది.

ఎవరో ఒకాయన బాదంపప్పులేవీ వేయని కేకు ఏదైనా ఉందా అని అడిగాడు. కెరిస్ వంగి బల్ల కింద డబ్బాలు వెతికి, మూత తీసి, లేచింది.

స్టూలు ఖాళీగా ఉంది. బెరిల్ లేదు. కెటిల్ బల్ల మీద ఒంటరిగా ఆవిరి కక్కుతోంది.

"మావిస్, టిల్లీ ఏది?"

"ఇప్పుడే ఇక్కడ... బెరిల్‌తో వెళ్లిందేమో."

ఇంట్లో లేదు. గులాబీల వెనక లేదు. తోటలోని చిన్న నీటికుంట మీద బెరిల్ ఇనుపవల బిగించిందని తెలుసు, అయినా పరుగెత్తి వెళ్లి ఆ వల మీద పడి నీళ్లలోకి చూసింది కెరిస్. లేదు. అప్పుడు అరిచింది. ఆ అరుపుకి కార్ల దగ్గరున్న గారెత్ గోడ దూకి వచ్చాడు.

వచ్చిన జనం మంచివాళ్లు, కాదనను. కప్పులు కింద పెట్టి అందరూ కదిలారు. పచ్చిక దారి పొడుగునా బారులు తీరి "టిల్లీ! టిల్లీ!" అని పిలిచారు. మడమలెత్తి చూశారు. చేతికర్రలతో గడ్డిని మెల్లగా పక్కకి తోశారు. గారెత్ గడ్డిలో పడి పరుగెత్తాడు గానీ, మిగతావాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా దారి దిగి గడ్డిలోకి వెళ్లలేదు.

"లోపలికి వెళ్లండి!" అని ఏడ్చింది కెరిస్. "గడ్డి లోపల ఉంటే ఎలా కనిపిస్తుంది? వెళ్లండయ్యా!"

ఒక పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "వెళ్లేవాళ్లమే అమ్మా. బోర్డు ఉంది కదా, ఇంటివాళ్లు ఏమనుకుంటారోనని..."

అప్పుడు పనిముట్ల గది తలుపు తెరుచుకుంది. బెరిల్ బయటికి వచ్చింది. మొహం ఉబ్బి ఉంది. ఒక్క క్షణం ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. దారి నిండా జనం, కొడుకు గడ్డిలో పడి పరుగెత్తడం, కోడలి మొహం చూసింది. చేతిలో రుమాలు జారిపోయింది.

"తొక్కండి!" అని కేక పెట్టింది. ఆ గొంతుతో ఆవిడ అరవగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. "బోర్డు లేదు గీర్డు లేదు. అంతా తొక్కండి. పోతే పోనీండి!"

జనం ఒక్కసారిగా దిగారు. డైసీలు బూట్ల కింద నలిగాయి. అందరూ పక్కపక్కన వరసగా వెతుక్కుంటూ పోతుంటే, బెరిల్ మాత్రం అటూ ఇటూ చూడలేదు. నేరుగా బయలు నడిమిలో ఉన్న పల్లం వైపుకి, ఏప్రన్ ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. కెరిస్ ఆ వెనకే పడింది.

అక్కడ గడ్డి గుండ్రంగా, మెత్తగా అణిగిపోయి ఉంది. అందులో టిల్లీ పక్కకి తిరిగి, ఒక పాత గోధుమరంగు కోటు మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. బొటనవేలు నోట్లోనే ఉంది.

కెరిస్ పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. టిల్లీ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. కెరిస్‌కి అప్పుడు కోపం వచ్చింది.

"ఇక్కడికా దీన్ని తీసుకొస్తున్నారు? ఇందుకా జుట్టు నిండా గింజలు? నా పిల్ల మీ పక్కనే ఉంది బెరిల్! మీ చేతికి అందేంత దూరంలో ఉంది! వదిలేసి ఎక్కడికి పోయారు?"

"నేను... కాసేపు గదిలోకి..."

"కాసేపు! ఎంతసేపు కాసేపు? ఇక మంగళవారం లేదు, గురువారం లేదు. నా కూతుర్ని మీ దగ్గర వదిలేది లేదు. గారెత్ వద్దన్నా సరే, దేవుడు వద్దన్నా సరే!"

గారెత్ అక్కడే ఉన్నాడు. పొద్దున మాట ఇచ్చాడు కాబట్టి అడ్డు రాలేదు. నడుంలోతు గడ్డిలో జనం నిలబడి తలొకవైపు చూస్తున్నారు. ఎవరో గొంతు సవరించుకుని, ఎండ ఇలాగే నిలబడేట్టుంది అన్నారు. ఇంకెవరో అవునవును అన్నారు.

బెరిల్ ఏప్రన్ మీది గింజలు దులుపుకుంది. "అలాగే తల్లీ," అంది. జనం వైపు తిరిగి, "పిల్ల దొరికింది, చాలు. రండి, అందరి టీ చల్లారిపోయి ఉంటుంది. మళ్లీ పెడతాను," అంది. వెళ్లి పెట్టింది కూడా. వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ పోసింది. చాలామంది మునుపటి కంటే ఎక్కువ డబ్బు డబ్బాలో వేసి, తొందరగా వెళ్లిపోయారు.

వంటింటి సింకు అంచున టిల్లీని కూర్చోబెట్టి కాళ్లు కడుగుతోంది కెరిస్. కోపం ఇంకా చేతుల్లో ఉంది, నీళ్లు అటూ ఇటూ చిందుతున్నాయి.

"గ్రాన్‌ని తిట్టకు మమ్మీ," అంది టిల్లీ.

"గడ్డిలోకి ఒక్కదానివి ఎందుకెళ్లావ్? ఆ మాట చెప్పు ముందు."

"గ్రాన్ పడక సర్దడానికి."

"ఏ పడక?"

"అక్కడుంది కదా. గ్రాన్ పడక. గ్రాంప్ కోటే దిండు." గ్రాంప్ అంటే తాత డెన్నిస్. టిల్లీ ఎంతో ఓపికగా, తెలియనివాళ్లకి చెప్పినట్టు చెప్పింది. "గ్రాన్‌కి ఏడుపొస్తే అక్కడ పడుకుంటుంది. నేను జో కొడతా. ఇవాళ గ్రాన్‌కి ఏడుపొచ్చింది, వెళ్లిపోయింది. పడుకోడానికి వెళ్తుందని నేను ముందెళ్లా. గ్రాన్ రాలేదు."

కెరిస్ చేతిలో కాలు అలాగే ఉంది. నీళ్లు పారుతున్నాయి.

డెన్నిస్ బూడిదని ఫిబ్రవరిలో, గడ్డి పొట్టిగా ఉన్నప్పుడు, ఆ పల్లం దగ్గరే చల్లారు. తనూ వెళ్లింది, చలిగా ఉందని టిల్లీని కారులోనే ఉంచింది. ఆ తర్వాత ఆ చోటు వంక చూసింది లేదు. ఇప్పుడు ఆ అణిగిన గడ్డి కళ్లముందుకి వచ్చింది. వారానికి రెండు రోజులు పడుకుంటే నేల అంతలా చదునవుతుందా? అది రోజూ పడుకునే మనిషి పడక. మిగతా రోజుల్లో జో కొట్టేవాళ్లు కూడా లేరు. ఒక్క గడ్డిపరక నలిగితే ఊరుకోని మనిషి, అందరికీ బోర్డు చూపించే మనిషి, దాని నడిమధ్య గూడు చేసుకుని నెలల తరబడి ఒంటరిగా పడుకుంటే, ఒక్కరికీ కనపడలేదు.

మావిస్ ఖాళీ ట్రేలతో లోపలికి వచ్చి అంతా విని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"రోజూ గోడ మీంచి చెయ్యి ఊపుతాను," అంది చివరికి. "అదీ ఊపుతుంది. బాగానే ఉందనుకున్నానే కెరిస్." ట్రేలు కింద పెట్టి టిల్లీ పాదాలు తుడిచింది.

కార్లన్నీ వెళ్లిపోయాక కెరిస్ పచ్చికలోకి వెళ్లింది. ఎండ ఇంకా కొండ మీద ఉంది. బయలు చూడలేకుండా ఉంది, ఎటు చూసినా బూటు జాడలు, పక్కకి ఒరిగిన కాడలు. బెరిల్ వంగి, విరిగిన డైసీ ఒకదాన్ని నిలబెట్టడానికి చూస్తోంది. అది నిలబడట్లేదు.

"బెరిల్."

"టిల్లీ తిందా?"

"తింది. మావిస్ దగ్గరుంది." కెరిస్ ఆవిడ పక్కకి వచ్చింది. తర్వాత అంది, "ఆ గదిలోకి ఎందుకెళ్లారు?"

బెరిల్ డైసీని వదిలేసింది. "ఒకావిడ టీ తీసుకుంటూ అడిగింది. మీ ఆయన ఏరీ, పోయినేడు మాకు ఆర్కిడ్ పూలు చూపించారు, ఇవాళ కనపడలేదే అని. తెలియక అడిగింది పాపం. ఇక్కడే ఎక్కడో ఉంటారండీ అన్నాను. నోటికి అదే వచ్చింది." ఆవిడ పల్లం వైపు చూసింది. "అబద్ధం కూడా కాదు కదా. అన్నాక ఇక నిలబడలేకపోయాను."

"నాకు చెప్పొచ్చు కదా. నేను అక్కడే ఉన్నా."

"నువ్వు కేకు కోస్తున్నావు. నీ మొహంలో ఎప్పుడూ ఏదో ఒక భయం ఉంటుంది తల్లీ, దాని మీద నాది కూడా ఎందుకని." బెరిల్ ఈసారి సూటిగా చూసింది. "ఒక మాట చెప్తాను. ఆ గదిలో ఉన్నంతసేపూ టిల్లీ ఉందన్న సంగతే నాకు గుర్తు లేదు. నువ్వన్నదే నిజం. దాన్ని నా దగ్గర వదలకు. నన్ను ఊరడించడానికి వదులుతాననకు, వదలకు."

కెరిస్ ఊరడించాలనే వచ్చింది. ఆ మాట విన్నాక ఊరడించే మాట మానుకుంది. భయపడ్డది నిజమేనని తెలిసినా సంతోషం లేదు.

"వదలను," అంది. "టిల్లీని మీ దగ్గర ఒక్కదాన్నే వదలను. మిమ్మల్ని కూడా ఒక్కరినే వదలను. మంగళవారం, గురువారం దాన్ని నర్సరీలో వేస్తా. పని కాగానే దాన్ని తీసుకుని నేరుగా ఇక్కడికే వస్తాం. రాత్రి భోజనం ఇక్కడే. మిగతా రోజులు గారెత్ వస్తాడు, తను రాకపోతే మావిస్."

"జాలిపడకు కెరిస్."

"జాలి కాదు, భయం. పిల్ల కనపడకపోతేనే భయమనుకున్నాను. మీరు ఇన్నాళ్లు కనపడకుండా పోతే నాకు తెలియనైనా తెలియలేదు."

అప్పుడు ఏడ్చింది బెరిల్. ఏడవడానికి పడుకోవలసిన పని లేకుండా, నిలబడే, కోడలి భుజం మీద ఏడ్చింది. ఫిబ్రవరిలో చావు రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు. కెరిస్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. వీపు మీద మెల్లగా తట్టింది.

జూలై చివర కోతకి వచ్చినతను బయలు చూసి తల అడ్డంగా తిప్పి, సగమే కోసి వెళ్లాడు. మిగతా సగం నేల మీదే నల్లబడింది. వచ్చే ఏడు అక్కడ ఎన్ని పూలు వస్తాయో, అసలు గేటు తెరుస్తారో లేదో ఇప్పుడే చెప్పలేం. బెరిల్‌కి పూర్తిగా నయమైందనీ చెప్పను. కొన్ని మంగళవారాలు భోజనం సగంలో లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోతుంది. అప్పుడు కెరిస్ టిల్లీ వైపు చూస్తుంది, టిల్లీ స్పూను పెట్టేసి దిగి నానమ్మ పక్కకి వెళ్లి నిలబడుతుంది.

ఆ ఆదివారం అంతమంది వచ్చారు. బెరిల్ ఇచ్చిన టీ తాగారు, నవ్వుతూ పలకరిస్తే నవ్వారు. ఆవిడ ఎలా ఉందో ఒక్కరికీ తెలియలేదు. ఇంట్లోవాళ్లకే తెలియనిది వాళ్లకెలా తెలుస్తుంది? మీ ఎరుకలోనూ ఇలాంటివాళ్లు ఒకరు ఉండే ఉంటారు, ఈమధ్యే మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. వచ్చినవాళ్లంతా వచ్చి వెళ్లిపోయి ఉంటారు. మీరు ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటారు, ఎదురుపడితే తిన్నారా అని మిమ్మల్నే అడుగుతారు. ఫోన్‌తో సరిపెట్టకండి. ఇది చదవడం అయ్యాక చెప్పులు వేసుకుని, ఒకసారి వాళ్లింటికి వెళ్లి చూసి రండి.